ఎనిమిది గీతలు

"ముగ్గు తీసేస్తే మాత్రం నేనొప్పుకోను," అంది అమ్మ మూడోసారి.

"క్రేనెక్కి ముగ్గులేస్తుందేంటే అది?" అన్నాడు అన్నయ్య.

"క్రేను దిగి ఇంటికి రాదా? రేపొద్దున్న దాని వాకిట్లో ఎవరేస్తారు, నువ్వేస్తావా?"

"స్టిక్కరు అంటించుకుంటుంది."

"నీ మొహానికి అంటించుకో స్టిక్కరు."

అరగంట నుంచి ఇదే గొడవ. భోజనాల బల్ల మీద కంచాలు తీసేసి, తడి తుడిచి, మధ్యలో ఆ ఫారం పెట్టుకుని కూర్చున్నాం. పైన 'కాపాడవలసిన చేతిపనులు' అని అచ్చయి ఉంది. కింద ఎనిమిది గీతలు. ఏడు నిండాయి. రాయడం, స్కూటీ, కంప్యూటర్ టైపింగు, కత్తిపీట, ఈత, కుట్టు మిషను, జడ అల్లుకోవడం. నా చేతిరాత బాగుంటుందని పెన్ను నాకిచ్చారు. మా బడిలో సర్టిఫికెట్ల మీద పిల్లల పేర్లు రాసేది నేనే. ఈ ఫారం నింపింది కూడా నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

వదిన వేలి మెటికలతో బల్ల మీద రెండుసార్లు కొట్టింది. వదినకి వినపడదు, మాట రాదు. మా ఇంట్లో అది 'ఇటు చూడండి' అని. అందరం చూశాం. ఆవిడ ఎడమ పిడికిలి బోర్లించి, దాని మీద నుంచి కుడిచేతి వేళ్ళతో కనపడని పొరని మెల్లిగా పైకి తీసింది. పిడికిలి కుండ. పొర పూతరేకు. వదినది ఆత్రేయపురం.

"అయ్యో అమ్మా, కొనుక్కుంటే దొరుకుతాయే అవి," అంది దివిజ. నోటితో అంటూనే చేతులతోనూ అంది. దానికి రెండూ కలిసే వస్తాయి.

కొన్నవాటిలో నెయ్యి ఉంటుందా అని వదిన ముక్కు మూసుకుని చూపించింది. దివిజ పడీపడీ నవ్వింది.

దివిజ మా అన్నయ్య కూతురు. ఇరవై ఏడు నిండాయి. ఐటీఐలో క్రేను నడపడం నేర్చుకుంది. కాకినాడలో కొత్తగా కడుతున్న రేవులో క్రేను ఆపరేటర్ల ఉద్యోగాలకి కిందటేడు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వచ్చేసింది. అక్కడ రెండు మెట్లుంటాయి. ముందు క్యాబిన్లో కూర్చోబెట్టి బరువు ఎత్తించి దింపిస్తారు. తర్వాత బోర్డు ముందు కూర్చోవాలి. క్యాబిన్లో దాని చెయ్యి వణికింది, కంటైనరు ఊగింది. బోర్డులో ఒకాయన, "చేతులు తిప్పకుండా మాట్లాడలేవా అమ్మా?" అన్నాడట. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇంకో అవకాశం లేదు.

అన్నయ్య ముప్ఫై ఏళ్ళు పాత రేవులో క్రేను నడిపాడు. కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు మసకబారాక దింపేశారు. చూపు పోయింది గాని చేతులు పోలేదు. ఆ చేతుల్లో ఉన్నదాన్ని కూతురి చేతుల్లోకి దించే మార్గం ఉందని సామర్లకోట రోడ్డులో కొత్తగా పెట్టిన ప్రయోగశాల వాళ్ళు చెప్పినప్పుడు, ఆయన ఆ రోజు అన్నం కూడా తినలేదు. ప్రయోగం కాబట్టి వాళ్ళకీ మనుషులు కావాలి. ఒకటే షరతు. కొత్తది దించడానికి చోటు కావాలి, ఆ చోటు దివిజ చేతులకి వచ్చిన పాతవాటిలో నుంచే తీసుకుంటుంది. ఏవి పోకూడదో ముందే రాసిస్తే వాటి చుట్టూ కంచె వేస్తారు. ఎనిమిదింటికి మించి కంచె వెయ్యలేరు. రాయనివాటికి హామీ లేదు.

"అత్తా, పూతరేకులు రాసెయ్," అంది దివిజ.

అమ్మ మొహం తిప్పుకుంది. "రాసుకోండి, రాసుకోండి. ముగ్గు మళ్ళీ నేను నేర్పుతాలే, అప్పటికి బతికుంటే."

దివిజ తన చెవి తమ్మెను కిందికి లాగి, రెండు చేతులూ జోడించింది. చెవి లాగడం అంటే నాన్నమ్మ. అమ్మ చెవులు బరువు కమ్మలకి సాగి ఉంటాయని దివిజ మూడేళ్ళప్పుడు పెట్టిన పేరు అది. అమ్మకి వచ్చిన సైగలు తిట్టడానికే పనికొస్తాయి, వాటిలో ఒకటి విసిరి నవ్వేసింది.

నేను ఎనిమిదో గీత మీద గుండ్రంగా 'పూతరేకులు తీయడం' అని రాశాను. వదిన వంగి చూసి, బొటనవేలు ఎత్తింది. ఆ అరగంటలో ఆ బల్ల చుట్టూ ఎన్నిసార్లు చేతులు లేచాయో, ఎన్ని మాటలు ఫారం మీదుగా అటూ ఇటూ వెళ్ళాయో! ఒక్కరికీ తట్టలేదు. చేతిపని అంటే ఏదో చేసేది. వదినతో మేం చేసేది పని కాదు కదా, మాట్లాడటం.

*

శుక్రవారం మొదటి విడత. అన్నయ్య చేతుల గుర్తులు అంతకు ముందు వారమే తీసుకున్నారు. మూడు రోజులు తొడుగులేసుకుని ఉత్తుత్తి క్యాబిన్లో కూర్చుని, కనపడని బరువులు ఎత్తి దించి వచ్చాడు.

డాక్టర్ మృణాళిని అనే ఆవిడ ఆ ప్రయోగం చూస్తుంది. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుంటుంది. దివిజ తలకి జల్లెడలాంటి టోపీ పెట్టి, ఫారంలోవి ఒక్కోటీ చేయించింది. రాయించింది. జడ వేయించింది. గాలిలో ఈత కొట్టించింది. పూతరేకుల కోసం మేం కుండ కూడా మోసుకెళ్ళాం. దివిజ పిండిలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద పరిచి లాగి, ఆ పొరని చిరగకుండా తీసేసరికి అక్కడి కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక్కోటి అయినప్పుడల్లా తెర మీద ఒక చుక్క చుట్టూ పచ్చటి గీత పడేది.

"ఇంకేమైనా ఉన్నాయా?" అంది మృణాళిని కాగితాల్లో తలొంచుకుని. "చేతికి బాగా అలవాటైపోయి, చేస్తున్నట్టే తెలియనివి? ఉంటే ఒకటి తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు."

ఆవిడ ఏమందని వదిన దివిజ మోచెయ్యి తట్టింది. దివిజ ఆ ప్రశ్న మొత్తం చేతులతో వదినకి చెప్పింది. వదిన ఆలోచించి, ఏం లేవని తలూపింది. అన్నయ్య, "లేవండి, ఇంతే," అన్నాడు. నేను కూడా తలూపాను. మృణాళిని తలెత్తేసరికి చేతులు దిగిపోయాయి.

రెండు గంటలు పట్టింది. లేచాక తలనొప్పి అంది, అంతే.

ఇంటికి రాగానే అన్నయ్య దాన్ని వెనక వసారాలోకి లాక్కుపోయాడు. అక్కడ ఆయన కట్టిన బొమ్మ క్రేను ఉంది. దూలానికి కప్పీ, పాత సైకిలు చైను, రెండు కర్ర లివర్లు, తాడు చివర అంచు దాకా నీళ్ళు పోసిన ఇత్తడి చెంబు. చెంబుని ఎత్తి, పక్కకి జరిపి, సుద్దతో గీసిన గుండ్రంలో దించాలి. చుక్క ఒలకకూడదు. ఆర్నెల్లుగా ఆ వసారా ఎప్పుడూ తడిగానే ఉండేది.

దివిజ లివర్లు పట్టుకుంది. చెంబు లేచింది. జరిగింది. గుండ్రం పైన ఆగింది. దించే ముందు దాని ఉంగరం వేలు కర్ర మీద రెండుసార్లు తట్టింది. చెంబు దిగింది. గచ్చు పొడిగా ఉంది.

అన్నయ్య వంగి గచ్చంతా చేత్తో తడిమి చూశాడు. "అది నాదే," అన్నాడు. "ఆ వేలు తట్టడం. దించేముందు నేను అలాగే తడతాను. అది నాదేనే అమ్మాయ్." అమ్మ ఆయన వీపు నిమురుతూ నిలబడింది.

*

ప్రతి సాయంత్రం మా ఇంట్లో బోర్డు కూర్చుంటుంది. అన్నయ్య ఛైర్మను. అమ్మా, వదినా మెంబర్లు. నేను తలుపు దగ్గర నిలబడి పేరు పిలిచే బంట్రోతుని. శనివారం కూడా కూర్చున్నాం.

"మీ గురించి చెప్పండి," అన్నాడు అన్నయ్య గొంతు మార్చి.

దివిజ చెప్పింది. పేరు, ఊరు, చదువు, గోడౌనులో చిన్న క్రేను నడిపిన రెండేళ్ళు. ఎక్కడా తడబడలేదు.

"పెళ్ళెప్పుడు?" అంది అమ్మ.

"అమ్మా, రేవు వాళ్ళు అలా అడగరే."

"ఎందుకడగరు? మగాళ్ళు కూర్చున్న చోట అదే ముందడుగుతారు. చెప్పవే."

"ఉద్యోగంలో స్థిరపడ్డాక ఆలోచిస్తానండీ," అంది దివిజ. కుర్చీలో నిటారుగా కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో ఒకదానిమీద ఒకటి, పెట్టెలో పెట్టినట్టు.

"చూశావా!" అన్నాడు అన్నయ్య నాతో. "చేతులు చూశావా? కదిలాయా? కోచింగ్ సెంటరు వాడు ఆర్నెల్లు మొత్తుకున్నా రాలేదది. ఒక్క విడతకి వచ్చేసింది."

నాకూ సంతోషమే అనిపించింది. దివిజ నోరు తెరిస్తే చేతులు ఆగవు. చిన్నప్పుడు బడిలో దాన్ని చేతుల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పించిన టీచరుండేది.

వదిన బోర్డులో ఉండేది చేతులు చూడటానికే. దివిజ నోరు ఏం చెప్పినా, అది నిజంగా అనుకుంటోందో లేదో ఆవిడకి చేతుల్లో తెలిసిపోతుంది. చివర్న పదికి ఎన్నో వేళ్ళతో చూపిస్తుంది. ఆ రోజు ఎన్ని అని అడిగితే ఆవిడ చేతులెత్తలేదు. దివిజ ఒళ్ళోకి చూస్తూ ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్న పెరుగా మజ్జిగా అని వదిన చేత్తో అడిగితే దివిజ తలూపింది. దేనికి ఊపిందో వదినకి అర్థంకాక రెండూ తెచ్చింది. సోమవారం పెరట్లో నుంచి వదిన గడ్డం మీద వేలితో రెండుసార్లు తట్టి పిలిచింది. దివిజ గడ్డం మీద చిన్న సొట్ట ఉంటుంది, ఆ తట్టడమే వదిన చేతిలో దాని పేరు. దివిజ అటే చూస్తోంది. చూస్తూనే ఉంది. వదిన మళ్ళీ తట్టింది. దివిజ ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"పరాకుగా ఉందేంటే ఇది?" అంది అమ్మ.

"ఇంటర్వ్యూ బెంగ," అన్నాను.

దివిజని అడిగితే అదే చెప్పింది. నా కళ్ళలోకి చూడకుండా చెప్పింది. దానికి అప్పటికే తెలుసునని నాకు తర్వాత తెలిసింది. రెండు రోజులు అద్దం ముందు నిలబడి ప్రయత్నించిందట. ఏదో అలసట, పోతుందిలే అనుకుందట. ఎవరితోనైనా అంటే నిజమైపోతుందని భయపడిందట.

*

బుధవారం వదినని బీపీ డాక్టరుకి చూపించాలి. ఎప్పుడూ దివిజే తీసుకెళ్తుంది. బడికి సెలవు కాబట్టి నేను తోడు వెళ్ళాను. పేషెంటుతో ఒక్కరినే లోపలికి పంపుతారు. నేను బయట అద్దం తలుపు పక్కన కూర్చున్నాను.

అద్దంలోంచి మాట వినపడదు. వదిన చేతులు మాత్రం నాకు బాగా కనపడుతున్నాయి. కొత్త మాత్ర, అంది వదిన. వేసుకున్నప్పటి నుంచి లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. నిన్న స్నానాల గదిలో గోడ పట్టుకున్నాను. డాక్టరు దివిజ వైపు చూశాడు. దివిజ ఏదో చెప్పింది. డాక్టరు తలూపి రాసుకున్నాడు. నా మనసు నిమ్మళించింది, మాత్ర మారుస్తాడులే అని.

మందుల కిటికీ దగ్గర చీటీ అందుకున్నాను. అదే మాత్ర. పూటకి ఒకటి ఉన్నది రెండు చేశాడు.

"ఇదేంటే? కళ్ళు తిరుగుతున్నాయంటే డోసు పెంచాడేంటి?"

దివిజ చీటీ నా చేతిలోంచి తీసుకుంది. "కళ్ళు తిరుగుతున్నాయా? ఎవరికి?"

"మీ అమ్మకే. లోపల చెప్పింది కదా, నేను అద్దంలోంచి చూశాను."

"మాత్ర పడిందా అని డాక్టరుగారు అడిగారు. అమ్మ ఏదో అంది. నేను..." చీటీ మడిచి విప్పింది. "నేను బానే పడిందంటోందని చెప్పాను అత్తా."

"ఎందుకలా చెప్పావు?"

"నాకు తెలియలేదు. అమ్మ చేతులు కదులుతున్నాయి. అంతే కనపడుతోంది. కదులుతున్నాయి, అంతే."

వెనక మెట్ల దగ్గర వదిన నిలబడి ఉంది. గడ్డం మీద తట్టింది. దివిజ చూసింది, కదల్లేదు. ఇంకో మెట్టు దిగబోతూ వదిన తూలింది. నేను వెళ్ళి పట్టుకునేలోపు ఎవరో పెద్దాయన పట్టుకున్నాడు. వదిన నా భుజం మీద బరువంతా వేసి నిలబడి, కూతుర్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. చూస్తూ చూస్తూ, ఒక్కోటీ కూడుకుంటున్నట్టు ఉంది. పెరుగు, పెరట్లో పిలుపు, ఒళ్ళో కదలని చేతులు. ఆవిడకి మా అందరికన్నా ముందే అనుమానం వచ్చి ఉంటుంది.

డాక్టరు దగ్గరికి మళ్ళీ నేను తీసుకెళ్ళాను. ఈసారి ఆవిడ మాటలు నేను చెప్పాను.

*

అటునుంచి అటే ప్రయోగశాలకి వెళ్ళాం. అన్నయ్యకి ఫోన్ చేస్తే ఆటోలో వచ్చాడు.

మృణాళిని తెర మీద పాత బొమ్మ తీసింది. ఎనిమిది పచ్చ గీతలు. వాటి మధ్యలో ఒక పెద్ద తెల్లటి చోటు. "ఇంత పెద్దది ఏంటా అని నేను అప్పుడే అనుకున్నాను," అంది. "ఏదో పాత ఆట అనుకున్నాను. అడగాల్సింది. కొత్తది తనకి దగ్గరగా ఉన్నచోటే పాతుకుంటుంది. క్రేను పనిలో సగం, కింద నిలబడ్డ మనిషి చేసే చేతి సైగలు చదవటమే. కాబట్టి నేరుగా ఇక్కడికే వెళ్ళింది." నా వైపు తిరిగి, "ఇంట్లో ఈ భాష ఎప్పటినుంచి మాట్లాడుతోంది?" అంది.

"పుట్టినప్పటి నుంచి," అన్నాను. "మాటలకన్నా ముందు వచ్చింది."

"మరి రాయలేదేం?"

ఆ రోజు పెన్ను నా చేతిలోనే ఉండింది.

ఏ బళ్ళోనూ నేర్పే సైగలు కావు అవి. వదినకి రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. బడికి పంపలేదు, అక్షరాలు పెద్దయ్యాక కాస్త నేర్చుకుంది. ఇంట్లో అవసరానికి నాలుగు సైగలు ఉండేవి. దివిజ పుట్టాక తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి మిగతావి కట్టుకున్నారు. దానికి పుస్తకం లేదు. ప్రపంచంలో ఆ భాష పూర్తిగా వచ్చినవాళ్ళు ఇద్దరే. మేం ముగ్గురం నత్తినత్తిగా మాట్లాడతాం.

"ఇప్పుడేం చెయ్యాలండి?" అన్నాడు అన్నయ్య.

మృణాళిని ఏదీ దాచలేదు. సోమవారం రెండో విడత పడితే క్రేను స్థిరపడిపోతుంది. వచ్చే గురువారం ఇంటర్వ్యూలో దాని చెయ్యి వణకదు, ఎప్పటికీ వణకదు. ఆ తర్వాత మాత్రం ఆ తెల్లచోటు గట్టిపడుతుంది. సైగలు మళ్ళీ నేర్చుకున్నా నిలవవు. రెండో విడత వద్దనుకుంటే క్రేను నెలలోపు కరిగిపోతుంది. పోయిన సైగలు వాటంతటవి రావు, పసిపిల్లలా మొదటినుంచి నేర్చుకోవాలి. ఇప్పుడు కూడా నేర్చుకోవచ్చు, చోటు ఇంకా మెత్తగానే ఉంది. కాని నేర్చుకున్నకొద్దీ క్రేను వెనక్కి పోతుంది.

"ఇంకో దారి ఉంది," అంది ఆవిడ. "సోమవారం క్రేను బదులు అమ్మగారి చేతుల గుర్తులు తీసి ఈ అమ్మాయికి దించొచ్చు. సైగలన్నీ ఒక్కరోజులో వచ్చేస్తాయి."

అది వదినకి నేను చెప్పాను. వదిన చాలాసేపు తన చేతులు తనే చూసుకుంది. తర్వాత అంది, నేను పైకి చదివాను: "వద్దు. నా మాటలే నాకు తిరిగొస్తాయి. నేను దీనితో మాట్లాడాలా, అద్దంతో మాట్లాడాలా?"

దివిజ నా మొహంలోకి చూస్తూ తల్లి మాట వింది. తల్లి మాట నా నోట వినడం దానికదే మొదటిసారి. చేతులు ఒళ్ళో అలాగే ఉన్నాయి.

*

ఇంట్లో ఎవరూ గట్టిగా అరుచుకోలేదు. అరుచుకుంటే బాగుండేది.

"మీ అమ్మకి చదవటం వచ్చు కదా," అన్నాడు అన్నయ్య గురువారం పొద్దున్న. "ఫోన్లో రాసుకోండి. ఎంతమంది అలా బతకటం లేదు? ఇది పోతే మళ్ళీ లేదు అమ్మాయ్. ఇరవై ఎనిమిదొస్తే వాళ్ళు అప్లికేషనే తీసుకోరు."

"కూడబలుక్కుని చదువుతుందిరా అది," అంది అమ్మ. "ఒక ముక్క చదివేసరికి సాంబారు పొంగిపోతుంది."

"నువ్వూరుకో అమ్మా."

"నేనూరుకుంటా. ముగ్గు రాయలేదని ఏడ్చాను చూడు, నా అంత బుద్ధిలేనిది లేదు."

వదిన నన్ను వంటింట్లోకి లాగి, చేతులు కిందికి పెట్టుకుని, ఎవరికీ కనపడకుండా మాట్లాడింది. సోమవారం వెళ్ళమని చెప్పు, అంది. ఉద్యోగం రావాలి. నాకు చెప్పడానికి నువ్వున్నావుగా. నేను తలూపాను. ఆ మాట దివిజకి చెప్తే, "అమ్మ చేతులు అప్పుడు ఎలా ఉన్నాయి అత్తా?" అని అడిగింది.

"అంటే?"

"వెళ్ళమన్నప్పుడు. నిజంగా అందా?"

నాకు అంత తెలియదు. అది చూసి చెప్పగలిగేది ఇదివరకు దివిజే.

ఆ మధ్యాహ్నం వదిన వెనక వసారాలో పొయ్యి వెలిగించి కుండ బోర్లించింది. దివిజ వెళ్ళి పక్కన కూర్చుంది. పూతరేకులకి కంచె వేశారు కదా, అది మాత్రం దాని చేతుల్లో అలాగే ఉంది. ఇద్దరూ మాటల్లేకుండా రేకులు తీశారు. ఒకరు గుడ్డ పరిస్తే ఒకరు పొర తీశారు. శుక్రవారం కూడా తీశారు. ఇంట్లో తినేవాళ్ళు లేక వీధిలో పంచాం. కిటికీలోంచి చూస్తే మధ్యమధ్యలో కుండ మళ్ళీ వేడెక్కేలోపు వదిన చెయ్యి లేచేది, దివిజ చెయ్యి దాని వెనక లేచేది. వదిన దాని వేళ్ళు పట్టుకుని సరిగ్గా వంచేది. పలక మీద మొదటి అక్షరం దిద్దించినట్టు.

శనివారం సాయంత్రం అన్నయ్య చెంబు నింపాడు. దివిజ లివర్లు పట్టుకుంది. చెంబు లేచింది, జరిగింది. ఉంగరం వేలు ఒక్కసారే తట్టి ఆగింది. నీళ్ళు పడిన చప్పుడు అన్నయ్యకి వినపడింది.

"మళ్ళీ," అన్నాడు.

మళ్ళీ చేసింది. ఈసారి ఇంకొంచెం ఒలికింది.

అన్నయ్య తడి గచ్చు మీద అరిచెయ్యి ఆనించి అలాగే కూర్చుండిపోయాడు. పొయ్యి దగ్గర ఉన్న కుండ వాసన ఆయనకి తెలుసు. "రేకులు తీస్తున్నారనుకున్నాను," అన్నాడు చివరికి. "నాకు చెప్పకుండా నన్ను చెరిపేస్తున్నారా?"

దివిజ ఏడ్చింది. "నాన్నా, నేనింకా ఏదీ అనుకోలేదు."

"సోమవారం వెళ్తే పోయిందంతా తిరిగొస్తుంది. వెళ్తావు కదా?"

దివిజ లివర్లు వదిలేసింది. వదిన పొయ్యి దగ్గర నుంచి ముగ్గురి మొహాలూ చూస్తోంది. ఏమంటున్నారని నన్నడిగింది. నేను చెప్పాను. ఆవిడ లేచి వచ్చి, కొంగుతో గచ్చు మీద నీళ్ళు తుడిచింది.

*

ఆదివారం సాయంత్రం బోర్డు కూర్చుంటుందని నేననుకోలేదు. దివిజే వచ్చి బల్ల తుడిచి, కుర్చీలు సర్దింది. ఇంటర్వ్యూకని కుట్టించిన నీలం చొక్కా, ప్యాంటు వేసుకుంది. అందరినీ పిలిచింది. అన్నయ్య వచ్చాడు గాని మొహం ముడుచుకునే ఉన్నాడు. అమ్మ తన మెంబరు కుర్చీలో కూర్చుంది. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి, అలవాటుగా, "దివిజ," అని పిలిచాను.

అది లోపలికొచ్చింది. కుర్చీలో కూర్చోలేదు.

"కూర్చో," అన్నాడు అన్నయ్య.

"నిలబడతాను నాన్నా. లైటు వెలుగులో నువ్వు కూడా చూడాలి." లైటు కిందకి జరిగింది. "అడుగు."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఛైర్మను గొంతు రాలేదు, ఆయన గొంతే వచ్చింది. "మీ గురించి చెప్పండి."

దివిజ చేతులు రెండూ పైకి లేచాయి. వణుకుతున్నాయి. గురువారం క్యాబిన్లో కూడా అలాగే వణుకుతాయని మా అందరికీ అప్పుడే తెలిసిపోయింది. చూపుడువేలు గడ్డం మీదికి వెళ్ళి సొట్ట మీద రెండుసార్లు తట్టింది.

వదిన బల్ల అంచు పట్టుకుంది.

దివిజ చెవి తమ్మె పట్టుకుని కిందికి లాగి అమ్మ వైపు చూసింది. అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. దివిజ ఎడమ అరిచేతిలో కుడి వేలితో రాస్తున్నట్టు చేసి నా వైపు చూసింది. అది నేను. రెండు పిడికిళ్ళూ లివర్లు పట్టుకున్నట్టు ముందుకి పెట్టి అన్నయ్య వైపు తిరిగింది, ఆయన మసక కళ్ళకి అందేలా పెద్దగా, నిదానంగా. తర్వాత అరిచెయ్యి తన గుండె మీద పెట్టుకుని, తీసి, తల్లి వైపు చాపింది. నాలుగు రోజుల్లో వదిన దానికి మా పేర్లు నేర్పింది. మా పేర్లూ, ఇంకో నాలుగైదు మాటలూ.

ఒక్కో సైగకి మధ్య ఆగి గుర్తుచేసుకుంటూ, అది చెప్పింది.

గురువారం. నేను. ఇంటర్వ్యూ. వెళ్తాను.

నా చేతులు. ఇవే.

రేపు. అక్కడికి.

చివరి మాట కోసం వెతుక్కుంది. కుడిచెయ్యి ఎత్తి అడ్డంగా కదిపింది గాని, ఏదో తప్పింది. అన్నయ్య ఏమందని నన్ను అడగలేదు. కూతురి చేతులకేసి అలాగే చూస్తూ, తన చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఉంగరం వేలు రెండుసార్లు తట్టి ఆగింది.

వదిన కుర్చీలోంచి లేచింది. కూతురి చెయ్యి అందుకుని, బొటనవేలు లోపలికి మడిచింది. 'వెళ్ళను' అన్నప్పుడు బొటనవేలు బయటికి ఉండకూడదు.

దివిజ ఆ వేలు చూసుకుని, అందరి వైపు తిరిగి మళ్ళీ చెప్పింది.